అప్‌డేట్: మెడికేర్, మెడికెయిడ్ రెండూ ఉన్నా వచ్చిన 20 శాతం బిల్లు రద్దయింది

అమెరికాలో నాన్నగారికి మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చేది) రెండు కార్డులూ ఉన్నా, ఎమ్మారై స్కాన్‌కి 20 శాతం కట్టమన్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది "క్యూఎంబీ ఉందేమో చూడండి" అన్న సలహా. క్యూఎంబీ అంటే తక్కువ ఆదాయం వాళ్ళ మెడికేర్ ఖర్చులు మెడికెయిడ్ తరఫున భరించే పథకం. షిప్ (మెడికేర్ మీద సలహాలిచ్చే ప్రభుత్వ సేవ) కౌన్సెలర్ (ఉచితమే) మెడికేర్ సమ్మరీ నోటీసు, అంటే ఏ వైద్యానికి ఎంత బిల్లయిందో మెడికేర్ పంపే కాగితం, తెరవమన్నారు. క్యూఎంబీలో ఉన్నారని, కట్టాల్సింది సున్నా అని అందులోనే ఉంది. ఎర్ర, తెల్ల, నీలం రంగుల మెడికేర్ కార్డు మీద ఆ ముక్క ఉండదు. స్కానింగ్ సెంటర్ మెడికెయిడ్‌లో చేరలేదు కాబట్టి అటునుంచి డబ్బు రాలేదు, బిల్లు మనమీదికి తోశారు. చేరినా చేరకపోయినా, మెడికేర్ తీసుకునేవాళ్ళు క్యూఎంబీ ఉన్నవాళ్ళ దగ్గర పార్ట్ ఏ (ఆసుపత్రి), పార్ట్ బీ (డాక్టర్లు, పరీక్షలు) డిడక్టిబుల్ (బీమా మొదలవడానికి ముందు మనం కట్టేది), కోఇన్సూరెన్స్ (ఆ తర్వాత మన వంతు శాతం) వసూలు చేయకూడదు. ఫెడరల్ చట్టమే అది. ముందే కట్టేసి ఉంటే తిరిగి ఇవ్వాలి.

నోటీసు కాపీ పంపి, "క్యూఎంబీ, బిల్లు తీసేయండి" అని రాస్తే చాలింది. వినకపోతే 1-800-633-4227కి ఫోన్ చేస్తే మెడికేర్ వాళ్ళే సెంటర్‌తో మాట్లాడతారు.

కొందరు సలహాల్లో చెప్పిన గ్రీన్‌కార్డ్ ఐదేళ్ళ నిబంధనకీ, ప్లాన్ మార్చడానికీ దీనితో సంబంధమే లేదు. మందులు కొన్నప్పుడు మన వంతుగా కట్టే కోపే మాత్రం క్యూఎంబీలోకి రాదు. దానికి ఎక్స్‌ట్రా హెల్ప్ అనే మందుల ఖర్చు తగ్గించే పథకం వేరే ఉంది, క్యూఎంబీ ఉంటే అది దానంతటదే వస్తుంది.