అబుల్ బరకాత్ ‘ముఅతబర్’ హైదరాబాద్ ప్రతి, 3వ సంపుటం ఎవరి దగ్గరైనా ఉందా?

నమస్కారం అండీ. 12వ శతాబ్దపు బాగ్దాద్ వైద్యుడు, తత్వవేత్త అబుల్ బరకాత్ యూదుడిగా పుట్టి, పెద్ద వయసులో ఇస్లాం స్వీకరించారు. ఆయన ‘కితాబ్ అల్ ముఅతబర్’ను 1938-39లో అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని అరబిక్ గ్రంథాల ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫే. తర్కం, ప్రకృతిశాస్త్రం, అధిభౌతికం, మొత్తం మూడు సంపుటాలు.

అరిస్టాటిల్‌కు కాలం అంటే చలనానికి కొలత. ఈయన ఉనికికే కొలత అన్నారు. ఎంత తెగువ! ఈ ఆలోచన తర్వాతి తరం తత్వవేత్త ఫఖ్రుద్దీన్ రాజీ రాసిన ‘మబాహిస్’లోకి ఎంతవరకు వెళ్లిందో తేల్చాలి. ఈ రెండు పుస్తకాలనే పక్కపక్కన పెడితే పప్పులో కాలేస్తాం, ఇద్దరూ తమకంటే ముందటి తత్వవేత్త ఇబ్న్ సీనా నుంచి తీసుకున్నది కూడా ప్రభావంలాగే కనిపిస్తుంది. అందుకే ముందు ఇబ్న్ సీనా గ్రంథం ‘షిఫా’లోని కాలం అధ్యాయం చదివి, అందులో ఉన్న వాదనలన్నీ కొట్టేసి, మిగిలినవే లెక్కలోకి తీసుకుంటున్నాను. పుట్టుకతో యూదుడు కాబట్టి ఆలోచనా యూదు సంప్రదాయానిదే అనడం నాకు సమ్మతం కాదు, వాదన ఎక్కడిదో పాఠమే చెప్పాలి.

3వ సంపుటంలో కాలం గురించిన పేజీలు, పేజీ నంబర్లు కనబడేలా ఫొటోలు తీసి పంపగలరా? అరబిక్ బాగా వచ్చినవారు నా పోలికల పట్టిక ఒకసారి సరిచూస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.