కాటా ప్రోగ్రామ్ లైబ్రరీలు: ప్యాకేజీలోనే పెట్టాలా, సిస్టమ్‌కి వదిలేయాలా?

పాలకొల్లు కాటా: మా మిల్లులో తూకం స్లిప్పులు కొట్టే ప్రోగ్రామ్ డెబ్ ప్యాకేజీగా (ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా) ఇచ్చారు. ఉబుంటు లినక్స్ 20.04 నుంచి 22.04కి మార్చగానే ఆగిపోయింది. లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 అనే లైబ్రరీ (ఎన్‌క్రిప్షన్‌కి ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైలు) దొరకలేదంటోంది. లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ వేశాను, ఫలితం లేదు. దాళ్వా ధాన్యం ట్రాక్టర్లు గేటు బయటిదాకా నిలబడ్డాయి. లైబ్రరీలన్నీ ప్యాకేజీలోనే పెట్టి ఇవ్వాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

అమలాపురం డెబియన్: కాదంటున్నానండి. డెవ్ ప్యాకేజీలో ఉండేవి హెడర్లు, లింకర్‌కి కావలసిన ఫైళ్లు. కంపైల్ చేసేటప్పుడే, అంటే సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసేటప్పుడే, వాటితో పని. నడిచేటప్పుడు ప్రోగ్రామ్ వెతికేది తనలో రాసి ఉన్న పేరు, అంటే 1.1. 22.04లో ఉన్నది 3. డెవ్ ఎన్నిసార్లు వేసినా ఆ 3 వస్తుంది. మీ ప్యాకేజీ డిపెండ్స్ లైన్‌లో, అంటే ప్రోగ్రామ్ నడవడానికి ఏవి కావాలో రాసే చోట, ఏముంది?

పాలకొల్లు కాటా: లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ అని ఉంది. ఉంటే ఏంటి? లైబ్రరీ పేరే కదా.

రాజోలు కుర్రోడు: స్టాటిక్‌గా లింక్ చేసేస్తే, అంటే లైబ్రరీని ప్రోగ్రామ్ ఫైల్లోనే కలిపేస్తే, గొడవే ఉండదు.

అమలాపురం డెబియన్: తప్పంతా ఆ లైన్‌లోనే ఉంది. డెవ్ ఉండాల్సింది తయారీకి కావలసినవి రాసే బిల్డ్-డిపెండ్స్‌లో. డిపెండ్స్‌లో లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 అని ఉంటే అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ దాన్ని ముట్టుకునేది కాదు. కొత్త డెవ్ రాగానే షరతు తీరింది, పాతది అక్కర్లేని సామాను కింద పోయింది. ఈ పేర్లు చేత్తో రాయకూడదు. డీపీకేజీ-షలిబ్‌డెప్స్ అనే టూల్ బైనరీని (తయారైన ప్రోగ్రామ్ ఫైలుని) చదివి తనే నింపుతుంది. ప్రోగ్రామ్ నడుస్తూ మధ్యలో డీఎల్ఓపెన్‌తో తెరిచేవి మాత్రం దానికి కనపడవు, అవి మనమే రాయాలి.

స్టాటిక్ అన్నవారికి: 2014లో ఈ లైబ్రరీలోనే హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, అన్ని ప్రోగ్రాములూ పంచుకునే షేర్డ్ లైబ్రరీ ఒక్కటి అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే, దాన్ని వాడేవన్నీ బాగుపడ్డాయి. స్టాటిక్‌వి ఒక్కోటీ మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

పాలకొల్లు కాటా: మీరు పాఠం చెబుతున్నారు. రాత్రి పదకొండింటికి రైతుల చేత మాటలు పడింది నేను.

భీమవరం: ఆయ్, 22.04 మీద మళ్లీ బిల్డ్ చేయించండి, అయిపోద్ది.

పాలకొల్లు కాటా: సోర్స్ కోడ్ ఉంటే ఇక్కడికెందుకు వస్తాను? రాసినవాళ్లు డబ్బు పుచ్చుకుని ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్లు లేకపోయినా నడవాలి. అందుకే అన్నీ లోపలే ఉండాలంటున్నా!

అమలాపురం డెబియన్: ఈ మాట ముందే చెప్పాల్సింది. పాత లిబ్‌ఎస్ఎస్ఎల్, దాని జత లిబ్‌క్రిప్టో రెండూ వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) ఇవ్వండి, నడుస్తుంది. కానీ ఆ 1.1 వరసలో చివరిదైన 1.1.1కి ఉచిత సపోర్ట్ (లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు) 2023 సెప్టెంబర్‌లోనే ఆగిపోయింది. ఆ మిషన్‌కి నెట్ తీసేయగలరా?

పాలకొల్లు కాటా: కుదరదు. స్లిప్పులు ఆఫీసు సర్వర్‌కి వెళ్లాలి.

అమలాపురం డెబియన్: అయితే ఈ సీజన్ వరకే. సార్వా కోతల్లోపు, సోర్స్ చేతికిచ్చేవాళ్లతో కొత్తది రాయించండి. అన్నీ లోపల పెట్టేస్తే చాలన్న మాటకి మాత్రం నేను ఒప్పుకోను.

పాలకొల్లు కాటా: కొత్తది రాయించే డబ్బు మీరిస్తారా?