టోక్యోల చిన్న హోటల్‌కు పోయి తొక్కు డబ్బ తీసుడు తప్పా?

నక్కలగుట్ట బాపు:
మా ఇంట్ల పదిరోజుల సంది నడుస్తున్న పంచాయితి ఇది. మీ ముందట పెడుతున్న, మీరే చెప్పుండ్రి.

మా పిలగాడు టోక్యోల కొలువు చేస్తడు. దసరా అయినంక నేనూ మా ఇంటామె ఇరవై రోజులు పోయి ఉండివచ్చినం. ఒకనాడు పగటి బువ్వకు వాడు మమ్ముల స్టేషన్ వెనుక గల్లీల ఒక చిన్న హోటల్‌కు తీస్కపోయిండు. గుమ్మానికి మాసిన నీలిగుడ్డ వేలాడుతది, తల వంచి లోపలికి పోవాలె. ఎనిమిదే కుర్చీలు, అన్నీ ఒక్క చెక్కబల్ల వెంబడి వరుసగ. బల్ల అవతల డెబ్బై దాటిన ఆలుమొగలు. ఆయన పొయ్యి కాడ, ఆమె గిన్నెలు అందిస్తది. తలుపు పక్కన మిషన్ల పైసలేసి బటన్ ఒత్తితే చీటి వస్తది, అది ఆమె చేతికియ్యాలె. మనిషికి 950 యెన్లు. మన పైసలల్ల ఐదువందల యాభైకి అటూ ఇటూ. అంత పెద్ద పట్నంల ఆ ధరకు కూసుండి కడుపునిండ తినుడు అగ్గువే.

ట్రేల వచ్చింది తిండి. చిన్న గిన్నెల తెల్లన్నం, మెతుకుకు మెతుకు అంటుకునేది. పులియబెట్టిన సోయా ముద్దతోని చేసిన మిసో చారు. సబా అనే సముద్రపు చేప, సగం ముక్క, ఉప్పు ఒక్కటే రాసి కాల్చింది. తోలు బుడగలు లేచి ఇంకా చిటపటమంటున్నది. పక్కన తురిమిన ముల్లంగి పిడికెడు, పసుపుపచ్చటి ముల్లంగి ఊరగాయ రెండు బిళ్లలు. అంతే. కారం లేదు, పులుపు లేదు, పోపు లేదు.

మా ఇంటామె రెండు బుక్కలు తిన్నది. మూడోది గొంతు దిగలే. సంచిలకెళ్లి చిన్న స్టీల్ డబ్బ తీసింది, మామిడికాయ తొక్కు. మూత తీసుడుతోనే అల్లం, ఎల్లిగడ్డ, మెంతుల వాసన ఎనిమిది కుర్చీలకు పాకింది. పక్కన కూసున్న ఆఫీసు పిలగాడు తల తిప్పి చూసిండు. అన్నం మీద ఏసుకునేలోపలనే పెద్దామె వచ్చి రెండు ముంజేతులు అడ్డంగ, గుణకారం గుర్తు లెక్క పెట్టింది. మొకంల కోపం లేదు. కని వద్దంటున్నదని తెలుస్తనే ఉన్నది. మా వాడు లేచి రెండుసార్లు నడుం వంచి ఏదో చెప్పిండు. మా ఇంటామె మూత పెట్టింది, డబ్బ సంచిల ఏసింది, మళ్ల బుక్క ముట్టలే.

నా లెక్కల ఆమె తప్పేం లేదు. పైసలిచ్చినం, పక్కోన్ని ముట్టలే. వేలకు వేలు పెట్టే పెద్ద హోటల్ కాదాయె, కూలోళ్లు, ఆఫీసోళ్లు తినిపోయే జాగ. అక్కడ సుత ఇన్ని పట్టింపులా? మా వాడు మాత్రం "అమ్మ తప్పు చేసింది" అని ఇప్పటికీ అంటడు.

ఒసాకా జనగామ:
కాకా, నేను తొమ్మిదేండ్ల సంది ఒసాకాల ఉంటున్న. ముందుగాల ఆ చేతుల సంగతి చెప్త. దాన్ని బత్సు అంటరు. కుదరదు, లేదు, అయిపోయింది అన్నిటికీ అదే సైగ. భాష రానోళ్లకు తొందరగ తెలుస్తదని చేస్తరు. మనకు మొకం మీద తలుపేసినట్టు అనిపిస్తది గని, ఆమె మిమ్ముల అవమానించలే.

బయటి తిండి లోపలికి తెచ్చుడును ఇక్కడ మోచికోమి అంటరు. చిన్నా పెద్దా ఏ హోటల్‌ల అయినా మామూలుగ ఒప్పుకోరు. దానికి కారణమున్నది. తిన్నోళ్లకు కడుపుల తిప్పితే ఆరోగ్య శాఖోళ్లు వచ్చి, హోటల్ తిండితోనే అయిందని తేలితే కొన్ని రోజులు మూసేపిస్తరు. పెద్ద కంపెనీ హోటల్‌ది ఒక బ్రాంచి మూతపడితే తట్టుకుంటది. ఎనిమిది కుర్చీల ఆలుమొగలు తట్టుకోలేరు. అందుకే "చిన్న హోటల్ల సుత ఇన్ని పట్టింపులా" అన్న మీ మాట నాకు తిరగేసినట్టు అనిపిస్తది. చిన్నది గనుకనే పట్టింపు.

ఇంకొకటి. 2025ల జపాన్‌ల బియ్యం ధర మండిపోయింది. సూపర్ మార్కెట్ల ఐదు కిలోల సంచి సగటున 4,000 యెన్లు దాటింది, అంతకుముందు ఏడుతోని పోలిస్తే దగ్గర దగ్గర రెండింతలు. మల్ల మల్ల అన్నం ఉత్తగ పెట్టే హోటల్లు కొన్ని ఆ పని బంద్ చేసినయ్. 950 యెన్లకు చేప, అన్నం, చారు పెట్టేటోళ్లకు ఏం మిగులుతదో మీరే లెక్కేసుకోండ్రి.

మెస్ అక్క, హన్మకొండ:
అన్నా, నేను కోచింగ్ పిల్లలుండే గల్లీల నాలుగు టేబుళ్ల మెస్ నడిపిస్తున్న. మా గోడ మీద సుత "బయటి తినుబండారాలు తేవద్దు" అని రాసి ఉంటది. ఎందుకు రాపిచ్చిన్నో చెప్త.

మూడేండ్ల కింద ఒక పిలగాడు ఊరికెళ్లి తెచ్చిన కోడికూర మా టేబుల్ మీదనే ఇప్పుకొని మా అన్నంల తిన్నడు. ముందునాడు వండింది, బస్సుల వచ్చింది. రాత్రికి వాంతులు. తెల్లారి వాళ్ల నాయిన వచ్చి నా పప్పు గంజు కాడ నిలబడి నలుగురు వినేటట్టు తిట్టిండు. ఆ పొద్దు వండిందంతా పారబోసిన. వారం రోజులు పిల్లలు సగమే వచ్చిండ్రు. ఆ జపాన్ పెద్దామె చేతులు అడ్డం పెట్టిందంటే నాకైతే ఆమె గుండెల ఏమున్నదో తెలుస్తున్నది.

ఇంకో మాట కూడ ఉన్నది. పెద్ద హోటల్ల వండినోడు కనబడడు. మా అసుంటి జాగల వండినోళ్లు నీ ఎదురుంగనే ఉంటరు. కంచం పెట్టినంక నేను పొయ్యి కాడికి పోతగని కండ్లు మొదటి బుక్క మీదనే ఉంటయి. ఉప్పు సరిపోయిందా, మొకం ఎట్ల పెట్టిండు అని. మా వదిన రెండు బుక్కలు రుచి చూసినంకనే డబ్బ తీసింది గద, అది మంచి గుణం. కొందరు రుచి కూడ చూడరు. కని ఆ ముసలాయన ఉప్పు రాసి, నీరు ఊరేదాక ఆగి, తుడిచి కాల్చిన చేప పక్కన ఇంకో మూత తీస్తే ఆయన మొకం ఎట్లయితదో నాకు ఎరుకే.

హుజూరాబాద్ తమ్మి:
అక్కా, మీ బాధ సమజైంది గని నేను బాపు దిక్కే. అరవై ఏండ్లు కారం తిన్న నాలుక ఇరవై రోజుల్ల మారదు. అగ్గువ హోటల్ పని ఆకలి తీర్చుడు. ఆకలైన పెద్దమనిషి ముందట కంచం పెట్టి, అది ఎట్ల తినాలె అని కూడ మేమే చెప్తమంటే ఎట్ల? కోడికూర వేరు, తొక్కు వేరు. ఏడాది నిలువ ఉండే తొక్కుతోని ఎవరికి వాంతులైతయి?

కరీంనగర్ శాకాహారి:
ఇందులో నా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆఫీసు పని మీద నేను మూడు వారాలు టోక్యోలో ఉన్నాను. చేప తినను. ఆ ట్రేలో నేను తినగలిగింది తెల్లన్నం, ముల్లంగి తురుము, ముల్లంగి ఊరగాయ మాత్రమే. మిసో చారులో కూడా చేపే. దానికి మూలమైన దాషి అనే నీళ్లను పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతో, కొంబు అనే సముద్రపు ఆకుతో కాస్తారు. 1908లో కికునాయె ఇకెద అనే రసాయన శాస్త్రవేత్త ఆ కొంబు రుచి గుట్టు కనిపెట్టి ఉమామి అని పేరు పెట్టారు. ఒక్క కొంబుతోనే కాచే దాషి కూడా ఉంది. బౌద్ధ ఆలయాల వంటలో అదే వాడతారు. కానీ ఆ భోజనం ఖరీదు, రోజూ తినేది కాదు. గల్లీ హోటల్లో చేప లేని చారు అడిగితే గంజు మొత్తం ఒకటే కదా, ఎక్కడి నుంచి తెస్తారు?

కాబట్టి నా సంచిలో కరివేపాకు పొడి ఎప్పుడూ ఉండేది. రుచి కోసం కాదు, అదే నా కూర. అయితే డబ్బా మూత తీసే ముందు అడిగేదాన్ని. నేను చేప, మాంసం తినను, ఈ పొడి అన్నంలో కలుపుకోవచ్చా అని తోటి ఉద్యోగిని ఒక కాగితం మీద జపనీస్‌లో రాసిచ్చింది. మూడు చోట్ల చూపించాను. రెండు చోట్ల తల ఊపారు. ఒకచోట వద్దన్నారు, దండం పెట్టి లేచి వచ్చాను. బాపుగారూ, అమ్మగారు అడగలేదు, అదే తేడా. అడిగే భాష ఆమెకు రాదు. అడగాల్సింది పక్కనే కూర్చున్న మీ అబ్బాయి.

నక్కలగుట్ట బాపు:
అమ్మా, మీ ఆఖరి మాట ఇంట్ల చదివి వినిపించిన. మా ఇంటామె టీవీ బంద్ చేసి "అది మల్లోసారి చదువు" అన్నది.

జనగామ తమ్మీ, మరి కారం కావాలంటే ఏం చేయాలె?

ఒసాకా జనగామ:
బల్ల మీద చిన్న వెదురు డబ్బనో గాజు సీసనో ఉంటది కాకా, చాన హోటల్లల్ల. షిచిమి అంటరు, ఏడు దినుసుల పొడి. ఎండుమిర్చి, నువ్వులు, ఎండిన నారింజ తొక్క, సన్షో అనే నోరు తిమ్మిరెక్కించే కాయ పొట్టు, ఇంక కొన్ని. 1625ల ఎదో అనే పట్నంల, అంటే ఇప్పటి టోక్యోల, అమ్ముడు మొదలైంది. దాన్ని ఎంతైనా చల్లుకోవచ్చు, ఎవరూ ఏమనరు. మన నాలుకకు సరిపోదు, నేను ఒప్పుకుంట.

అసలు తిరకాసు కారం కాడ లేదు, కలుపుడు కాడ ఉన్నది. మనకు అన్నమంటే కలుపుకునేది. చెయ్యి పెట్టి పప్పు, తొక్కు, చారు, చల్ల, ఒక్కోదానితోని ఒక్కో ముద్ద. అందుకే మనకు పొడిపొడిగ, పలుకు పలుకుగ ఉండాలె. వాళ్లది జిగురు బియ్యం, పుల్లలతోని ఎత్తితే ముద్దగ రావాలె. చేప ఇంత కొరికి, అది నోట్లె ఉండంగనే ఉత్త అన్నం ఒక బుక్క పెట్టుకుంటరు. మనం కంచంల కలిపేది వాళ్లు నోట్లె కలుపుతరు. దానికో పేరు సుత ఉన్నది, కోచు చోమి అని. చిన్నమ్మ మొదలు అన్నం తిని, తర్వాత చేప తిని ఉంటది. అట్ల తింటే ఏదీ ఎక్కదు. నాకూ ఆర్నెల్లు ఎక్కలే.

ఎనుమాముల మిర్చి రైతు:
నేను మిర్చి పండించెటోన్ని. ఏటా వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు తెస్త. కారం లేంది బుక్క దిగదు అనే మాట నాకు అన్నం పెడుతది, కాదనను. కని కారం మన తాతల తాతల సంది ఉన్నదేం కాదు. మిర్చి అమెరికా ఖండపు పంట. పోర్చుగీసోళ్ల ఓడలు తిరిగిన కాలంల మనకొచ్చింది, అదే కాలంల జపానోళ్లకూ పోయింది. ఒకే గింజ రెండు దేశాలకు పోతే మనం తొక్కుల పోసుకున్నం, వాళ్లు చిటికెడు చల్లుకున్నరు. మిర్చిలనే తేజ రకం మండుతది, చపాట రకం అంత మండదు. మన వరంగల్ చపాటకు 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాట లెక్క గుండ్రంగ ఉంటది, ఎర్రటి రంగు, కారం తక్కువ. తొక్కుల రంగు కోసం దాన్నే కొంటరు. కారం తక్కువని దాన్ని మనం చిన్నచూపు చూస్తున్నమా?

అందుకే ఉప్పు రాసి కాల్చిన ఆ చేపను "కారం లేదు, పులుపు లేదు" అనుడు నాకు నచ్చలే అన్నా. మీరు రాసిన ఆ బుడగలు లేచిన తోలు చదువుతుంటె నాకు నోరూరింది.

హుజూరాబాద్ తమ్మి:
సరే, అడుగకుండ తీసుడు తప్పే అనుకుందం. కని ఒకటి ఎవరూ అంటలేరు. కొడుకు అందరి ముందట నడుం వంచి తల్లి తరఫున తప్పు ఒప్పుకున్నడు. అది సరైందేనా?

మెస్ అక్క, హన్మకొండ:
కాదు తమ్మి. నేను ఆ పెద్దామె దిక్కు మాట్లాడిన గని, కొడుకు దిక్కు మాట్లాడలే. వాడు ముందుగాల తల్లి చెవుల "అమ్మా, ఈడ బయటిది తిననియ్యరు" అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె. చేతులు అడ్డం వచ్చేదాక ఆగి, తర్వాత వంగుడేంది? అన్నా, వదిన ఏమన్నదో రాయి.

నక్కలగుట్ట బాపు:
అందరియి చదివి వినిపించిన. రాస్తున్న.

తొక్కు డబ్బ సంగతిల నేను మాట మార్చుకుంటున్న. మెస్ అక్క పప్పు పారబోసిన మాట విన్నంక ఆ పెద్దామె మీద నాకున్నదంతా పోయింది. చిన్న జాగ గనుక పట్టింపు ఉండొద్దు అని రాసిన, ఆ మాట ఎనుకకు తీసుకుంటున్న.

మా ఇంటామె మాత్రం ఇట్ల అన్నది: "ఆమె చేతులు అడ్డం పెడితే నాకేం కాలే. ఆమె ఇల్లు, ఆమె పొయ్యి. నా కొడుకు నా దిక్కు సూడకుండ ఆమె దిక్కు వంగిండు. అందుకే బుక్క ముట్టలే. కారం లేక కాదు." పది రోజులు నేను కారం గురించి కొట్లాడుతున్న, ఆమె ఇంతసేపూ ఈ మాట చెప్పలే. రాత్రి ఫోన్‌ల వానికి నేనే చెప్పిన. చానసేపు ఏం మాట్లాడలే. తర్వాత "అమ్మకియ్యి" అన్నడు. ఏం మాట్లాడుకున్నరో నేను అడుగలే.

ఎండకాలం మల్ల పోతం. ఆ హోటల్‌కే పోదమంటున్నది. తినుడు అయినంక ఆ పెద్దామెకు మూత తీయని తొక్కు సీస ఒకటి ఇచ్చి వస్తదట. జనగామ తమ్మీ, ఇయ్యొచ్చా? విమానంల పోనిస్తరా?

ఒసాకా జనగామ:
ఇయ్యొచ్చు కాకా. సీల్ వేసిన సీస, మీద దినుసుల పేర్లు రాసి ఉన్నది, దుకాణంల కొన్నది తెండ్రి. మాంసం కలిసినవి మాత్రం ఏవీ తేవద్దు, విమానాశ్రయంల తీసేస్తరు. ఇచ్చేటప్పుడు రెండు చేతులతోని ఇయ్యాలె. ఒకటి రెండుసార్లు వద్దంటది, అది మర్యాదకు. చపాట మిర్చి తొక్కు దొరికితే అది తెండ్రి, కారం తక్కువ, ఆమె తినగలుగుతది.

ఎనుమాముల మిర్చి రైతు:
దుకాణంల ఎందుకన్నా? నా కాడ ఈ ఏటి చపాట ఉన్నది, రెండు కిలోలు పంపిస్త.

ఒసాకా జనగామ:
ఇంట్ల తినేందుకు పంపుండ్రి అన్నా. ఆమెకు ఇచ్చేది మాత్రం లేబుల్ ఉన్నదే ఉండాలె.