షీహీ-స్కెఫింగ్టన్‌లు: స్త్రీల ఓటు కోసం హోమ్ రూల్‌కు అడ్డుపడ్డారా?

పాతపేపర్లు:
హానా షీహీ, ఫ్రాన్సిస్ స్కెఫింగ్టన్ 1903లో పెళ్లి చేసుకుని ఇద్దరి ఇంటిపేర్లూ కలుపుకున్నారు. ఐర్లండ్‌లో ఆ ఇంటిపేరును జాతీయోద్యమానికీ స్త్రీవాదానికీ సమానంగా ముడిపెడతారు. నాకది మింగుడుపడదు. 1912లో హోమ్ రూల్ బిల్లు (ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇచ్చే బిల్లు) బ్రిటిష్ పార్లమెంటులో ఉండగానే, జూన్ 13న హానా, మరికొందరు మహిళలు స్త్రీల ఓటు కోసం డబ్లిన్‌లో ప్రభుత్వ భవనాల కిటికీ అద్దాలు పగలగొట్టారు. కొన్నాళ్లు ఆగితే పోయేదేముంది?

తేదీలవారీ:
తేదీలు వరసగా చూడండి సార్. మార్చి 28న, కొందరు స్త్రీలకైనా ఓటిచ్చే కన్సిలియేషన్ బిల్లు 222–208తో వీగిపోయింది. తేడా 14 ఓట్లే. దాన్ని ముంచింది రెడ్‌మండ్ నడిపే, హోమ్ రూల్ కోరే ఐరిష్ పార్టీ. బ్రిటన్ ప్రధాని ఆస్క్విత్ సర్కారు చిక్కుల్లో పడితే హోమ్ రూల్ చేజారుతుందని రెడ్‌మండ్ భయం. హానా కన్నతండ్రి డేవిడ్ షీహీ ఆ పార్టీ ఎంపీయే! జూన్ 1న మహిళా సంఘాలు డబ్లిన్‌లో సభ పెట్టి, హోమ్ రూల్ బిల్లులోనే స్త్రీల ఓటు చేర్చమని తీర్మానించాయి. ఎవరూ పట్టించుకోలేదు. రాళ్లు పడింది ఆ తర్వాతే.

పాతపేపర్లు:
చివరికి ఓటిచ్చింది జాతీయవాదులే కదండీ. బ్రిటిష్ పాలన మీద 1916లో చేసిన తిరుగుబాటు ప్రకటనలో హామీ ఉంది. 1922 రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన స్త్రీలందరికీ ఓటిచ్చింది. బ్రిటన్‌లో అది 1928 దాకా రాలేదు.

తేదీలవారీ:
ఇచ్చినవాళ్లే 1927లో జ్యూరీల నుంచి ఆడవాళ్లను ఆచరణలో తప్పించేశారు. 1937 రాజ్యాంగం స్త్రీ స్థానం ఇల్లే అన్నట్టు 41.2 అధికరణ పెట్టింది. హానా దానిమీదా పోరాడారు. అడగడం మానేస్తే ఏమయ్యేదో అక్కడే తెలుస్తోంది.

మదనపల్లె:
హానా జాతీయవాదాన్ని శంకించడం అన్యాయం. ఫ్రాన్సిస్ శాంతివాది. 1916లో డబ్లిన్‌లో లూటీలు ఆపాలని తిరుగుతుంటే బ్రిటిష్ సైనికులు పట్టుకెళ్లి, ఏప్రిల్ 26న పోర్టోబెల్లో బ్యారక్స్‌లో విచారణ లేకుండా కాల్చేశారు. 10,000 పౌండ్ల పరిహారం ఇవ్వజూపితే హానా తిప్పికొట్టారు. అమెరికా వెళ్లి ఊరూరా ఐర్లండ్ తరఫున మాట్లాడారు, 1918 జనవరిలో అధ్యక్షుడు విల్సన్‌నూ కలిశారు.

ఇక రెండు కోరికలూ కలిసి నడవవనే మాటకు జవాబు మన దగ్గరే ఉంది. 1908లో హానాతో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ (స్త్రీల ఓటు కోసం పోరాడిన సంఘం) పెట్టిన మార్గరెట్ కజిన్సే, 1919లో మదనపల్లెలో జనగణమనకు స్వరాలు రాసుకున్నావిడ. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండి మద్రాసులో బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన మహిళా బృందం వెనక ఉన్నదీ ఆవిడే. స్వపరిపాలన పథకాన్ని సమర్థిస్తూనే, అందులో స్త్రీలకూ ఓటు ఉండాలని అడిగారు. డబ్లిన్‌లో 1912 జూన్ 1న అడిగిందీ ఇదే. ఇక్కడ కాంగ్రెస్ 1918లో ఒప్పుకుంది. అక్కడ రెడ్‌మండ్ ఒప్పుకోలేదు.