లాజరస్ ష్పెంగ్లర్ సంస్కర్తా, నగర మండలి చేతిలో కలమా?

సిరాబుడ్డి:
జర్మనీలోని న్యూరెంబర్గ్ నగర మండలికి 1507 నుంచి ముఖ్య లేఖకుడిగా ఉన్న ష్పెంగ్లర్‌ని అందరూ చర్చి సంస్కర్త అంటారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు. 1530లో ఆయన కచేరీలోనే పనిచేసే ఒక గుమాస్తా (జార్జ్ ఫ్రోలిష్ అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం) ఒక పత్రం రాశాడు. విశ్వాసం విషయంలో ప్రభుత్వం కత్తి పట్టకూడదు, ఎవరి ఆరాధన వాళ్లు చేసుకోనిస్తూ ఊళ్లో శాంతి కాపాడితే చాలు అన్నది దాని సారాంశం. ష్పెంగ్లర్ ఏం చేశాడు? పోప్‌ని ఎదిరించి చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌తో దానికి ఖండన రాయించాలని, లూథర్ ఉండే విటెన్‌బర్గ్‌కి ఉత్తరం పంపాడు. పోప్ పెత్తనం పోయి మండలి పెత్తనం వచ్చింది, అంతేగా?

పాతకోట:
అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలాగండీ? 1519లో లూథర్ తరఫున మాట్లాడటమే ప్రమాదం. అప్పుడు ఈయన పేరు పెట్టకుండా సమర్థనగా పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది పోప్ హెచ్చరిక శాసనాన్ని జర్మనీలో ప్రకటించేటప్పుడు లూథర్ విరోధి అయిన పండితుడు యోహాన్ ఎక్ ఈయన పేరూ, న్యూరెంబర్గ్ పండితుడు పిర్క్‌హైమర్ పేరూ అందులో చేర్చాడు. 1526లో లూథర్ సహచరుడు మెలాంక్తన్‌ని పిలిపించి కొత్త పాఠశాల తెరిపించడంలో ఈయనదే పెద్ద చెయ్యి. ఇక సహనం అంటారా, అది మన కాలపు కొలత. పదహారో శతాబ్దపు మనిషిని దానితో కొలవకూడదు.

సిరాబుడ్డి:
'ఆ కాలం అలాంటిది' అనే మాట ఇక్కడ పనికిరాదండీ. ఆ పత్రం రాసింది ఇరవయ్యో శతాబ్దపు మేధావి కాదు. అదే ఊళ్లో ఉన్నవాడు, అదే కచేరీవాడు, ష్పెంగ్లర్ కింద పనిచేసేవాడు. పైగా మతద్రోహాన్ని బలంతో ఆపలేమని 1523లో రాసింది లూథరే. గుమాస్తా ఆ వాదాన్నే పట్టుకున్నాడు, మాట మార్చింది గురువుగారు లూథరే. కాబట్టి ష్పెంగ్లర్‌కి ఇంకో దారి తెలియక కాదు, తెలిసే కాదన్నాడు.

గంటస్తంభం:
ఇద్దరూ ఉద్యోగం సంగతి మర్చిపోతున్నారు. లేఖకుడికి మండలిలో ఓటు లేదు, పెద్ద కుటుంబాలదే రాజ్యం. ఉత్తరాలు, తీర్మానాలు రాసే మనిషికి పరపతి ఉంటుంది, అధికారం ఉండదు. దానికితోడు న్యూరెంబర్గ్ నేరుగా చక్రవర్తి కింది నగరం. 1525లో రైతుల తిరుగుబాటు చూశాక మండలికి ఒకటే టెన్షన్, అల్లరి ఎక్కడ మొదలవుతుందో అని. చక్రవర్తికి ఆయుధాలతో ఎదురు తిరగకూడదని గట్టిగా వాదించినవాడు ష్పెంగ్లర్. చక్రవర్తి నుంచి తమని కాపాడుకోడానికి లూథర్ పక్షం రాజులూ నగరాలూ కట్టిన ష్మల్‌కాల్డెన్ కూటమిలో ఈ ఊరు చేరకపోవడంలో ఆయన మాటకూ పాత్ర ఉంది. చక్రవర్తి మీదికి కత్తి ఎత్తొద్దన్న మనిషే, సొంత ఊళ్లో విశ్వాసం మీద కత్తి తియ్యొచ్చన్నాడు. ఆయనకి ఈ రెండూ ఒకటే సూత్రం: పైవాడికి లోబడు, కిందివాణ్ని అదుపులో పెట్టు.

వడ్రంగిపిట్ట:
సూత్రాల సంగతి సరే, సెయింట్ క్లారా మఠం కన్యలని అడిగితే ఏమనేవాళ్లో. 1525లో మండలి వాళ్లకి పాపాల ఒప్పుకోలు వినే పాత గురువులని ఆపేసి, లూథర్ పక్షం ప్రసంగాలు బలవంతంగా వినిపించింది. కొందరు తల్లులు కూతుళ్లని ఈడ్చుకుపోయారు. మఠాధ్యక్షురాలు కారిటాస్ ఎవరో కాదు, ష్పెంగ్లర్‌తో పాటు పోప్ జాబితాకెక్కిన పిర్క్‌హైమర్ సొంత అక్క! చివరికి మెలాంక్తన్ వచ్చి వాళ్లతో మెత్తగా వ్యవహరించమని మండలికి చెప్పాక ఉన్నవాళ్లని ఉండనిచ్చారు, కొత్తవాళ్లని చేర్చుకోనివ్వలేదు.

పాతకోట:
మఠం విషయంలో మండలి తప్పుని ఒప్పుకుంటాను. కానీ అదంతా లేఖకుడి నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. చేయించింది పాలకులు.

సిరాబుడ్డి:
మఠం పాలకుల పని అనుకుందాం. విటెన్‌బర్గ్‌కి ఆ ఉత్తరం ఎవరు రాయమన్నారండీ? అది ఆయన సొంత పూనిక. అదే ఏడాది బైబిల్‌లోని 82వ కీర్తన వ్యాఖ్యానంలో లూథర్, దేవదూషణ చేసేవాళ్లని పాలకులు శిక్షించాలని రాశాడు. అప్పటికే, 1527లో, ఎల్టర్స్‌డార్ఫ్ పాస్టర్ వోల్ఫ్‌గాంగ్ ఫోగెల్ తల నరికించింది ఇదే మండలి. అలాంటి న్యూరెంబర్గ్‌లో కూర్చుని గుమాస్తా అలాంటి పత్రం రాశాడంటే, నా దృష్టిలో ధైర్యం అతనిది.