ఇంటి పన్ను ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, పైగా ఐదేళ్లలో రెట్టింపైంది. ఏం చెయ్యాలి?

దాసన్నపేట అబ్బాయి:
నమస్కారం అండీ. మాది విజయనగరం దాసన్నపేట. నా ఉద్యోగం బెంగళూరులో, ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నాన్నగారు 2022లో పోయారు. మొన్న పాత కాగితాలు తీస్తుంటే ఆయన 2020-21లో కట్టిన ఇంటి పన్ను రసీదు దొరికింది, ఏడాదికి 2,140 రూపాయలు. ఇప్పుడు 2025-26కి ఫోన్‌లో చూస్తే 4,304. ఈ మధ్యలో ఇంటికి ఒక్క ఇటుక పెట్టింది లేదు, మేడ మీద రేకు కూడా వెయ్యలేదు. "మీ నాన్న లేరని ఎవరో ఏదో చేసేశారు" అని అమ్మకి ఒకటే టెన్షన్.

ఇంకోటి, బిల్లు నాన్నగారి పేరు మీదే వస్తోంది. పోయిన మనిషి పేరు మీద కడితే చెల్లుతుందా? పక్క వీధిలో ఎవరో మూడు వేలు ఇస్తే వారంలో అమ్మ పేరు మీదకి మార్పిస్తానన్నాడట. దీనికోసం నేను ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రావాలా, ఇక్కడి నుంచే అయిపోతుందా? ఏప్రిల్ 30 లోపు కడితే కొంత తగ్గుతుందంటున్నారు, ఇంక పది రోజులే ఉంది. చెత్త పన్ను ఇంకా కట్టాలా అని కూడా అమ్మ అడగమంది. మా అక్క రాజాంలో ఉంటుంది, తనకి ఏ అభ్యంతరం లేదు.

గంటస్తంభం పక్కన:
బాబూ, ముందు మీ అమ్మగారిని కంగారు పడొద్దనండి. ఎవరూ ఏమీ చెయ్యలేదు, లెక్కే అలా ఉంది. ఇదివరకు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో చూసి దాని మీద పన్ను వేసేవారు. 2020లో చట్టం మార్చారు, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద వేస్తున్నారు. అంటే రిజిస్ట్రేషన్ వాళ్ల లెక్కలో మీ స్థలం ఎంత, దాని మీద కట్టడం ఎంత అని చూస్తారు. కాపురం ఉండే ఇళ్లకి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, దుకాణాలూ అవీ అయితే 0.20 నుంచి 2 శాతం దాకా. ఒక్కసారిగా ఆ మొత్తం వేస్తే జనం గొల్లుమంటారని, ఏ ఏడాదీ ముందటి ఏడాది కంటే 15 శాతం మించి పెంచకూడదని పెట్టారు. బాగానే ఉంది కానీ, పాత పన్ను తక్కువగా ఉన్న ఇళ్లకి ఏం జరుగుతోందంటే, కొత్త లెక్కని అందుకునేదాకా ఏటా ఆ 15 శాతం పడుతూనే ఉంటుంది.

మీదే చూడండి. 2,140 కాస్తా మొదటి ఏడు 2,461, తర్వాత 2,830, 3,255, 3,743, ఇప్పుడు 4,304. కాగితం మీద వేసి చూశాను, రూపాయి తేడా లేదు. 15 శాతం చొప్పున ఐదుసార్లు పెరిగితే ఏదైనా రెట్టింపు అవుతుంది, వడ్డీ వ్యాపారులని అడగండి.

అయినా ఒక పని చెయ్యండి. మీ ఇల్లు రికార్డులో ఎలా ఉందో చూసుకోండి: ఎన్ని చదరపు అడుగులని రాశారు, స్లాబా రేకులా, కాపురమా వ్యాపారమా. అక్కడ తప్పుంటే మాత్రం సరిచేయమని అర్జీ పెట్టొచ్చు, అప్పుడు నిజంగా తగ్గుతుంది. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇల్లై, అందులోనే కాపురం ఉంటే ఏడాదికి 50 రూపాయలే, ఈ సంగతి చాలామందికి తెలీదు. మీది అంత చిన్నది కాదనుకోండి.

ఉల్లివీధి కోడలు:
తమ్ముడూ, ఆ మూడు వేల ఆసామికి పైసా ఇవ్వకండి. మా మామయ్యగారు పోయాక ఇదంతా నేనే తిరిగాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి. పన్ను బిల్లు మీద ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లది అయిపోదు. అది ఎవరి దగ్గర పన్ను వసూలు చెయ్యాలో రాసుకున్న పుస్తకం, అంతే. కాబట్టి నాన్నగారి పేరు మీద ఉన్నా నిక్షేపంగా కట్టొచ్చు, డబ్బు ఆ అసెస్‌మెంట్ నంబరు (బిల్లు మీద ఉండే ఇంటి పన్ను ఖాతా నంబరు) మీద జమ అవుతుంది. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ, మీకు రెండొందలు పైచిలుకు మిగులుతుంది. అదే ఆలస్యం చేస్తే నెలకి 2 శాతం వడ్డీ. పేరు మార్పు కోసం ఆగి రాయితీ పోగొట్టుకోకండి, రెండూ వేరు వేరు పనులు.

పేరు మార్పుకి వస్తే, నాన్నగారు వీలునామా రాశారా? రాయకపోతే అమ్మగారికీ, మీకూ, మీ అక్కగారికీ సమాన వాటా ఉంటుంది (మీ నాయనమ్మగారు ఉంటే ఆవిడకీ). అందుకని అమ్మగారు ఒక్కరి పేరు మీదకి రావాలంటే మీరిద్దరూ ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. "అక్కకి అభ్యంతరం లేదు" అని నోటి మాట చాలదు. గట్టిగా ఉండాలంటే మీ ఇద్దరి హక్కులూ అమ్మగారికి వదులుకుంటున్నట్టు రిజిస్టర్ చేయించుకోండి, రేపు ఇల్లు అమ్మినా లోన్ పెట్టినా అదే అడుగుతారు. అంత ఇప్పుడే వద్దనుకుంటే ముగ్గురి పేర్లూ ఉమ్మడిగా ఎక్కించమని అడగండి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత దస్తావేజు, తాజా పన్ను రసీదు, అందరి ఆధార్లు దగ్గర పెట్టుకుని మీ వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీని కలవండి. బకాయి ఉంటే పేరు మార్పు ముందుకి కదలదు, అదొకటి గుర్తుపెట్టుకోండి.

మాకు పని ఆలస్యమైంది మా వల్లే. దస్తావేజు 1980ల నాటిది, అందులో పాత డోర్ నంబరు, ఇంటి గుమ్మం మీద కొత్తది. రెండూ ఒకే ఇల్లని చూపించడానికి మామయ్యగారు దాచిన పాత కరెంటు బిల్లులు పనికొచ్చాయి. మీది కూడా ఇప్పుడే సరిచూసుకోండి.

పెద్దచెరువు గట్టు:
కట్టడం ఫోన్‌లోనే కట్టెయ్ గురూ. 9552300009కి వాట్సాప్‌లో హాయ్ అని పెడితే ప్రభుత్వం వాళ్ల వాట్సాప్ సేవ మనమిత్ర తెరుచుకుంటుంది, అందులో మున్సిపల్ సేవలు అని ఉంటుంది. కానీ అసెస్‌మెంట్ నంబరు కొట్టాక తెరమీద పేరూ డోర్ నంబరూ చదివి అప్పుడు డబ్బు పంపు. నేను నిరుడు ఆఖరి రోజు రాత్రి పదకొండున్నరకి హడావిడిగా ఒక అంకె తప్పు కొట్టాను. ఎవరిదో ఇంటికి 3,600 కట్టేశాను! ఆ పుణ్యాత్ముడు ఎవరో ఇప్పటికీ తెలీదు, ఆయన రాయితీ మాత్రం నా ఖర్చు మీద పొందాడు. అర్జీ పెట్టి సర్దించుకునేసరికి నాలుగు నెలలు.

చెత్త పన్ను గురించి, అది పోయింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు రద్దు అన్నారు, తర్వాత అసెంబ్లీలో చట్టం కూడా సవరించారు. మీ అమ్మగారికి చెప్పు, బండివాడికి ఇకనుంచి చెత్త ఇస్తే చాలని.

గంటస్తంభం పక్కన:
పైన చెప్పడం మరిచాను. పాత బకాయిల మీద వడ్డీలో సగం మాఫీ అని 2025 మార్చి నెలాఖరులో ఇచ్చారు, అది కొద్ది రోజులకే. మళ్లీ ఇస్తారులే అని మా వీధిలో ఇద్దరు కూర్చున్నారు. ఇవ్వకపోతే ఏటి చేస్తారో మరి.

దాసన్నపేట అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్ అండీ. పొద్దున్నే కట్టేశాను, పేరూ డోర్ నంబరూ రెండుసార్లు చదివి మరీ. బకాయి ఏమీ లేదు. చదరపు అడుగులు కూడా సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి 4,304 నిజంగా మాదే. మా దస్తావేజులో కూడా పాత డోర్ నంబరే ఉంది అక్కా, మీరు చెప్పకపోతే చూసేవాడిని కాదు. కరెంటు బిల్లులు వెతకమన్నాను. నాయనమ్మ లేరు, కాబట్టి మేం ముగ్గురమే. దసరా తర్వాత పైడితల్లమ్మ పండగకి ఎలాగూ వస్తాను, అక్క కూడా వస్తుంది, అప్పుడు హక్కు వదులుకునే కాగితం రిజిస్టర్ చేయించేస్తాం.

రసీదు అమ్మకి వాట్సాప్ చేశాను. ఫోన్‌లో ఉంటే రసీదు ఎలా అవుతుందని వీధి చివర జిరాక్స్ షాపుకెళ్లి ప్రింటు తీయించుకుని వచ్చింది. నాన్నగారు పన్ను రసీదులన్నీ వంటింటి తలుపు వెనక ఇనప తీగకి గుచ్చేవారు. ఇందాక వీడియో కాల్‌లో చూపించింది, అన్నిటికంటే పైన ఇదే ఉంది.