కామిక్ కాన్‌కి ఆదివారం బ్యాడ్జ్ ఒక్కటే దొరికింది, వెళ్లడం దండగా?

ఇర్వైన్_తెనాలోడు

అందరికీ నమస్తే. ఏటా జరిగే కామిక్స్, సినిమాల పెద్ద జాతర, శాన్ డియేగో కామిక్ కాన్‌కి వెళ్లాలని ఏళ్ల తరబడి కోరిక. ఓపెన్ రిజిస్ట్రేషన్ రోజు ఆన్‌లైన్ వెయిటింగ్ రూమ్‌లో తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి గురు, శుక్ర, శని మూడు రోజుల బ్యాడ్జ్‌లూ (లోపలికి వెళ్లే పాస్‌లు) అయిపోయాయి. ఆదివారం మిగిలింది, కొనేశాను. మావాడికి తొమ్మిదేళ్లు, పన్నెండు లోపు పిల్లలకి పెద్దవాళ్ల బ్యాడ్జ్ ఉంటే ఉచితమే కాబట్టి వాడికి ఇబ్బంది లేదు. మా ఆవిడకి అంత జనం పడదు, తనే వద్దంది.

ఆఫీసులో చెబితే, "ఆదివారమా? అప్పటికి అందరూ సామాన్లు సర్దుకుంటూ ఉంటారు" అని చప్పరించేశారు. హాల్ హెచ్ అనే పెద్ద ఆడిటోరియంలో సినిమాల హడావుడి అంతా శనివారంతోనే అయిపోతుందట. నిజమేనా?

ఇంకో గొడవ. నాన్న జూన్‌లో వచ్చి నవంబరు దాకా ఉంటారు. తెనాలిలో హైస్కూల్ డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. బాపు గారి గీత అంటే ప్రాణం. మా చిన్నప్పుడు అమర్ చిత్ర కథలు కొనిపెట్టి, మేం కథ చదువుతుంటే ఆయన పక్కన కూర్చుని బొమ్మలకి మార్కులు వేసేవారు. గుర్రం కాళ్ల దగ్గర ఎవరికీ పాస్ మార్కులు రాలేదు. ఈయన వీసా ఖాయమయ్యేసరికి టికెట్లు అయిపోయాయి. ఆయనకి లోపలికి వెళ్లే దారి ఏదైనా ఉందా? ఇర్వైన్ నుంచి కారు నయమా, రైలు నయమా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

శని_ఆది_సెలవు

అన్నా, ఇంత ఆలోచన ఎందుకు? పొద్దున నువ్వు తిరుగు, మధ్యాహ్నం బయటికి వచ్చి నీ బ్యాడ్జ్ నాన్నగారి మెడలో వెయ్యి. అంత జనంలో ఎవడు చూస్తాడు?

లాంగ్‌బాక్స్_లత

పైన తమ్ముడు చెప్పిన పని మాత్రం చెయ్యకండి. బ్యాడ్జ్ మీద పేరు అచ్చువేసి ఉంటుంది, లోపల చిప్ ఉంటుంది, గేటు దగ్గర తాకించి వెళ్లాలి. ఒకరిది ఇంకొకరు వేసుకోకూడదన్నది అక్కడ గట్టి నియమం. దొరికితే బ్యాడ్జ్ లాగేసుకుంటారు. పెద్దాయన్ని ఈ వయసులో సెక్యూరిటీ వాళ్ల ముందు నిలబెట్టడం ఏం బాగుంటుంది చెప్పండి. గేటు దగ్గర టికెట్లు అమ్మరు. ఆన్‌లైన్‌లో "ఎక్స్‌ట్రా బ్యాడ్జ్ ఉంది" అని వచ్చేవాళ్ల దగ్గర కొంటే డబ్బులు పోయినట్టే.

ఇక ఆదివారం సంగతి. నేను శాన్ డియేగోలోనే మీరా మెసాలో ఉంటాను, ఏటా వెళ్తాను, నన్ను ఏదో ఒక్కరోజు ఎంచుకోమంటే ఆదివారమే అంటాను. సినిమా తారల కోసం వెళ్లేవాళ్లకి అది మిగిలిపోయిన రోజు. పుస్తకాల కోసం వెళ్లేవాళ్లకి అది సంత చివరి గంట. పాత కామిక్స్ అమ్మే డీలర్లు దేశం నలుమూలల నుంచీ తెల్లటి అట్టపెట్టెల్లో వేలకి వేలు మోసుకొస్తారు. వాటినే లాంగ్ బాక్స్ అంటారు, నా పేరు చూశారుగా. తెచ్చిన సరుకంతా మళ్లీ వ్యాన్ ఎక్కించడం వాళ్లకి ఇష్టం ఉండదు. ఆదివారం మధ్యాహ్నం దాటాక సగం ధర బోర్డులు కనిపించడం మొదలవుతుంది. బోర్డు లేని చోట పది పుస్తకాలు దొంతరగా పెట్టి "అన్నిటికీ కలిపి ఎంత?" అని అడగండి. నోట్లు ఉంచుకోండి. నోట్లు చూపిస్తే బేరం తొందరగా తెగుతుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే మిగతా రోజుల్లా ఏడింటి దాకా కాదు, ఆదివారం ఐదింటికే స్టాళ్లుండే హాల్ మూసేస్తారు. తెరిచేది మామూలుగానే 9:30కి. పైగా ఆదివారం పిల్లల రోజు. కార్టూన్లు, పిల్లల పుస్తకాలు, బొమ్మలు గీయడం నేర్పే కార్యక్రమాలు ఎక్కువగా ఆ రోజే పెడతారు. మీవాడి వయసుకి సరిగ్గా సరిపోతుంది.

హాల్ హెచ్ గురించి బాధపడకండి. అందులో దాదాపు 6,500 మంది పడతారు, ఊరికి వచ్చే జనం లక్షా ముప్పై వేల పైమాటే. లెక్క మీరే వేసుకోండి. శనివారం కార్యక్రమాలకి ముందు రోజు సాయంత్రమే చేతికి పట్టీలు కట్టి లైను తేలుస్తారు. రాత్రంతా గడ్డిలో దుప్పటి పరుచుకుని పడుకునేవాళ్లు ఉంటారు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఒక కార్యక్రమం అయ్యాక హాల్ ఖాళీ చేయించరు. సాయంత్రం ట్రైలర్ కోసం వచ్చినవాడు పొద్దున్నే కూర్చుని, తనకి పట్టని మూడు నాలుగు కార్యక్రమాలకి చప్పట్లు కొడుతూ ఉంటాడు. తొమ్మిదేళ్ల పిల్లాడితో అది శిక్షే. ఆ ట్రైలర్లలో చాలావరకు నాలుగు రోజుల్లో ఫోన్‌లోనే చూడొచ్చు.

మీరు వెళ్లాల్సింది ఆర్టిస్ట్స్ ఆలీకి, అంటే కామిక్స్ బొమ్మలు గీసేవాళ్లు కూర్చునే చోటుకి. స్టాళ్లుండే హాల్‌లో ఒక కొసన, జి అక్షరం వైపు ఉంటుంది. పాత పుస్తకాల డీలర్లు దానికి పూర్తిగా అవతలి కొసన. మధ్యలో సినిమా కంపెనీల, ఆటబొమ్మల కంపెనీల పెద్ద పెద్ద బూత్‌లు, అక్కడే జనం ఇరుక్కుపోతారు. ఒక కొస నుంచి ఇంకో కొసకి ఆ గుంపులో ఈదడానికి అరగంట ఈజీగా పడుతుంది, కాబట్టి పొద్దున ఒక కొస, మధ్యాహ్నం ఇంకో కొస అనుకోండి. మధ్యలోది చూశామని చెప్పుకోవడానికి పైపైన చూస్తే చాలు. ఆలీలో ఒక్కో ఆర్టిస్టుకి ఒక చిన్న బల్ల, దాని వెనక ఆయనో ఆవిడో వంచిన తల ఎత్తకుండా గీస్తుంటారు. డబ్బులిస్తే మీకు కావలసిన బొమ్మ గీసిస్తారు, కానీ ఆదివారానికి చాలామంది జాబితా నిండిపోయి ఉంటుంది. తలుపులు తెరవగానే నేరుగా అక్కడికే వెళ్లండి.

ఇంకా రుచి తెలియాలంటే ఒరిజినల్ పేజీలు అమ్మేవాళ్ల ఫోల్డర్లు తిరగేయండి. అడిగి, చేతులు తుడుచుకుని చూస్తే ఎవరూ ఏమీ అనరు. అచ్చులో మనం చూసే పేజీ చిన్నది. గీసేది మామూలుగా 11 బై 17 అంగుళాల బోర్డు మీద, 1967 ప్రాంతం దాకా అయితే అంతకన్నా పెద్ద కాగితం మీద గీసేవారు. దగ్గరగా చూస్తే ఇంకు కింద లేత నీలం పెన్సిల్ గీతలు ఉంటాయి. అచ్చు కెమెరాకి ఆ నీలం ఆనేది కాదు, అందుకని చెరపకుండా వదిలేసేవారు. తప్పు పోయిన చోట తెల్ల రంగు పూత, అంచుల్లో ఎడిటర్ గీకిన మాటలు, అతికించిన మాటల బుడగలు. ఒక పేజీలో గుర్రం కాలిని మూడుసార్లు దిద్దిన జాడ నేను నా కళ్లతో చూశాను. మాస్టారికి చెప్పండి, సంతోషిస్తారు.

ఇప్పుడు మాస్టారి గురించే. ఆ రోజు ఆయన్ని ఇంట్లో వదిలిరాకండి. బ్యాడ్జ్ లేకపోయినా ఊరు ఊరంతా జాతర. కామిక్ కాన్ పక్కనే ఉన్న గ్యాస్‌ల్యాంప్ క్వార్టర్ వీధుల్లో బిల్డింగులకి నిలువెత్తు పోస్టర్లు చుడతారు, టీవీ కంపెనీలు బయట వేసే సెట్లలో చాలావాటికి బ్యాడ్జ్ అడగరు. వేషాలు వేసుకున్నవాళ్లు వీధుల్లోనే బోలెడు మంది. కాస్త నీడగా కూర్చోవాలంటే బ్రాడ్‌వేలో యు.ఎస్. గ్రాంట్ హోటల్ ఉంది. 1970లో ఈ కామిక్ కాన్ మొదలైంది ఆ హోటల్‌లోనే. ఆ ఆగస్టులో జరిగిన మొదటి మూడు రోజుల సభకి వచ్చింది మూడొందల మంది. మీ ఆవిడ, మామగారు అక్కడ కాఫీ తాగి రావొచ్చు. బాల్బోవా పార్కులో కామిక్ కాన్ మ్యూజియం కూడా ఉంది, కామిక్ కాన్ సంస్థదే, 2021లో తెరిచారు. ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. వేళలు మాత్రం ముందే చూసుకోండి.

కానీ నా అసలు సలహా వేరే. ఆయన నవంబరు దాకా ఉంటారంటున్నారు కదా, వేసవి దాటాక లాస్ ఏంజెలెస్‌లో ఎల్.ఎ. కామిక్ కాన్ జరుగుతుంది. దానికి ఈ లాటరీ బాధ లేదు, హాయిగా కొనుక్కోవచ్చు. ఆర్టిస్టుల బల్లలు అక్కడా ఉంటాయి. ఆయన ఎప్పుడైనా వసంతంలో వస్తే ఇంకా సుఖం. మీ పక్కనే ఆనహైమ్‌లో జరిగే వండర్‌కాన్ ఈ శాన్ డియేగో వాళ్లు నడిపేదే, జనం తక్కువ, ఆర్టిస్టుతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది. నిజం చెప్పొద్దూ, బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లకి నేను ముందు అదే చెబుతాను.

రైలెక్కండి. ఇర్వైన్‌లో పసిఫిక్ సర్ఫ్‌లైనర్ ఎక్కితే శాన్ డియేగోలో శాంటా ఫే డిపో దగ్గర దిగుతారు, రెండు గంటల ప్రయాణం. అక్కడి నుంచి గ్రీన్ లైన్ ట్రాలీ (ఊళ్లో తిరిగే రైలు) కామిక్ కాన్ జరిగే కన్వెన్షన్ సెంటర్ ముందే ఆగుతుంది. పార్కింగ్ స్థలాలు ముందే అమ్ముడైపోతాయి, ఆ రోజు వెతుక్కోవడం కుదరదు. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే కొనేయండి, ఐదింటికి హాల్ మూయగానే అందరూ ఒకేసారి స్టేషన్ మీద పడతారు.

డార్లింగ్_ఫ్యాన్_సాన్‌హోసే

లతక్కా, అంతా ఒప్పుకుంటా, హాల్ హెచ్ దగ్గర తప్ప. 2023లో 'కల్కి 2898 ఏడీ' పేరు ప్రకటించింది ఆ హాల్‌లోనే, జులై 20న, గురువారం. ప్రభాస్, కమల్ హాసన్, రానా, నాగ్ అశ్విన్ స్టేజీ మీద. అప్పటిదాకా 'ప్రాజెక్ట్ కె' అనే కదా అనుకున్నాం. నేను హాల్‌లోనే ఉన్నా. నా ముందు వరసలో స్టార్ వార్స్ వేషం వేసుకున్న అమెరికా ఆయన వెనక్కి తిరిగి "ఎవరితను, ఇంత గోల చేస్తున్నారు?" అని అడిగాడు. చెప్పడానికి నాకు గొంతు ఎక్కడుంది, పోయింది. ఆ అనుభవం ఫోన్‌లో రాదక్కా.

లాంగ్‌బాక్స్_లత

నువ్వు చెప్పింది కరెక్టే, కానీ ఆ ఏడాది హాలీవుడ్ నటుల సమ్మె. పెద్ద స్టూడియోలు చాలావరకు రాలేదు, అందుకే హాల్‌లోకి వెళ్లడం తేలికైంది. మామూలు ఏడాది అయితే నువ్వు కూడా గడ్డిలో పడుకునేవాడివి. మన సినిమా మళ్లీ వస్తే చెప్పు, దుప్పటి నేను తెస్తా.

ఇర్వైన్_తెనాలోడు

లతక్కా, చాలా థాంక్స్. మీరు రాసింది ఫోన్‌లో నాన్నకి చదివి వినిపించాను. నీలం పెన్సిల్ దగ్గర "మళ్లీ చదువు" అన్నారు. ఎల్.ఎ.కి ఖాయం చేసేశాం. రైలు టికెట్లు కూడా అయిపోయాయి.

చివరిగా ఒక్కటి. మావాడు భీముడి వేషం వేస్తానని కూర్చున్నాడు. కిరీటం ఫరవాలేదు, గద సంగతేంటి? ఆయుధాలు రానివ్వరని ఎక్కడో చదివాను. అక్కడివాళ్లకి భీముడు ఎవరో ఏం తెలుస్తుందిలే, స్పైడర్‌మ్యాన్ వెయ్యరా అంటే వినడం లేదు.

లాంగ్‌బాక్స్_లత

భీముడే వెయ్యనివ్వండి. స్పైడర్‌మ్యాన్లు అక్కడ అడుగుకొకడు, భీముణ్ని ఆపి మరీ ఫోటోలు తీసుకుంటారు. ఇనుము, బరువైన కర్ర వాడకండి. అట్ట, థర్మాకోల్, మెత్తటి ఫోమ్‌తో చేస్తే రానిస్తారు. లోపల తనిఖీ చేసే బల్ల ఉంటుంది, చూసి ట్యాగ్ కడతారు. తల, పిడి విడదీసి మళ్లీ బిగించేలా చేయండి. లేకపోతే రైల్లో, ఆ జనంలో రోజంతా గద మోయాల్సింది మీరే, మధ్యాహ్నానికల్లా వాడు మీ చేతికిచ్చేస్తాడు. కింద మామూలు బూట్లు వెయ్యండి, భీముడైనా సరే.

ఇంకోటి, ఒక మంచి స్కెచ్ బుక్ కొని తీసుకెళ్లండి. ఆలీలో చాలామంది అభిమానులు ఒకే పుస్తకంలో ఏటా ఒక్కో ఆర్టిస్టు చేత గీయించుకుంటారు. ఖాళీ పుస్తకం మొదటి పేజీ అంటే కొందరు ఆర్టిస్టులు జంకుతారు. అది మాస్టారి చేత ముందే గీయించేయండి. ఏం గీయాలో ఆయన ఇష్టం, గుర్రం అయితే మాత్రం ఇక్కడ ఫోటో పెట్టండి, మార్కులు మేం వేస్తాం.